సాంచా దిగిన చెవికి మళ్లీ మోత వద్దు

దీపావళి బోనస్ చేతికొచ్చే రోజులివి. సోలాపూర్ పక్కనున్న కుంభారి నుంచి నగరంలోని నవీపేట దుకాణాలకు వెళ్లే కుర్రాళ్లలో చాలామంది జేబులో వెయ్యో రెండు వేలో పెట్టుకుని అడిగేది ఒకటే: ఇప్పుడున్నదాని కంటే గట్టిగా మోగే హెడ్‌ఫోన్ కావాలి, బేస్ గుండెకు తగలాలి. ఆ బేరం దగ్గరే ఆగండి. కార్ఖానాలో సాంచాల, అంటే మరమగ్గాల, మధ్య బతుకుతున్న మనిషి డబ్బు పెట్టి కొనకూడనిది ఏదైనా ఉందంటే అది ఇంకాస్త మోత.

కుంభారిలో ఉంటున్నదెవరో అందరికీ తెలుసు. బీడీలు చుట్టే ఆడవాళ్ల కోసం కట్టిన గోదూతాయి పరులేకర్ కాలనీలో పది వేల ఇళ్లు ఏళ్ల పోరాటం తర్వాత 2006లో వాళ్ల చేతికొచ్చాయి. ఆ తర్వాత రాయ్‌నగర్‌లో ముప్పై వేల ఇళ్లకు పునాది పడింది. అందులో మొదటి పదిహేను వేల తాళాలు 2024 జనవరి 19న ఇచ్చారు. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ ఇళ్లలో ఎన్నో. తల్లి గుమ్మంలో బీడీలు చుడుతుంది, కొడుకు అక్కల్‌కోట్ రోడ్డు కార్ఖానాలో టవల్ నేస్తాడు. ఇల్లు చిన్నది. ఒకరు టీవీ చూస్తుంటే ఇంకొకరికి చదువు, రాత్రి పాళీ చేసి వచ్చినవాడికి పగటి నిద్ర. హెడ్‌ఫోన్ వీళ్లకు విలాసం కాదు, ఇంట్లో ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పాట వినే ఒకే ఒక్క దారి. అందుకే కొనొద్దని అనడం లేదు. ఏం కొంటున్నారో, ఎందుకు కొంటున్నారో తెలిసి కొనమంటున్నాం.

చెవి ఓర్చుకునే మోతకు ఒక లెక్క ఉంది. పని చోట 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలు ఉండొచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. అక్కడి నుంచి మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒక్క గంట, 100కి పదిహేను నిమిషాలు. సాంచాలు వరసగా ఆడే షెడ్డులో మోత 90 దాటి 100 దాకా పోవడం మామూలే. మీటరు అక్కర్లేదు, చెయ్యి చాపినంత దూరంలో నిలబడ్డ మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే 85 దాటిందనే అర్థం. మన కార్ఖానాల్లో పక్క సాంచా మీదివాడితో అరిచినా పని జరగక సైగలు చేస్తాం. అంటే పాళీ మొదలైన గంటలోనే ఆ రోజుకు చెవికి దక్కిన వాటా ఖర్చయిపోతోంది. మిగతా ఏడు గంటలో పదకొండు గంటలో అప్పు మీద నడుస్తున్నాయి. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకునేది ఆ అప్పు మీదే.

ఈ నష్టం ఏ వయసులో జరుగుతుందో చూడండి. స్కాట్లండ్‌లోని డండీలో జనపనార నేసే ఆడవాళ్ల చెవులను పరీక్షించి 1965లో ఒక అధ్యయనం అచ్చు వేశారు. పని మొదలుపెట్టిన తొలి పది పదిహేనేళ్లలోనే చెవి దెబ్బతినడం ఎక్కువగా ఉందని అందులో తేలింది. పద్దెనిమిదేళ్లకు కార్ఖానాలో అడుగుపెట్టిన కుర్రాడికి ముప్పై రాకముందే ఆ దెబ్బ తగులుతుంది. హెడ్‌ఫోన్ల మీద మోజు ఉండేదీ సరిగ్గా ఆ వయసులోనే. పగలు సాంచా, రాత్రి హెడ్‌ఫోన్, రెండూ కలిసి ఒకే చెవి మీద పడుతున్నాయి.

అన్నిటికంటే ప్రమాదం కార్ఖానాలోనే ఇయర్‌బడ్ పెట్టుకోవడం. నేతగాడు చెవితో కూడా పని చేస్తాడు. పోగు తెగినా, సాంచా తాళం తప్పినా ముందు తెలిసేది చప్పుడులోనే. కాబట్టి ఒక చెవి సాంచాకు వదిలి, ఇంకో చెవిలో పాట పెట్టుకుంటాడు. ఒక్క చెవితో వినేటప్పుడు అదే పాట తక్కువగా వినిపిస్తుంది, అందుకని ఇంకాస్త పెంచుతాడు. 95 మోత మీద పాట తేలాలంటే 100 దాటక తప్పదు. చిన్న ఇయర్‌ఫోన్లు ఫోను ఇచ్చే కొద్దిపాటి కరెంటుతోనే 110 దాటి మోగగలవు, కనుక అక్కడిదాకా పెంచకుండా అడ్డుకునేదేమీ లేదు. ఒక చెవిని సాంచా తింటే రెండోదాన్ని పాట తింటుంది. కార్ఖానాలో బడ్స్ పూర్తిగా మానేయాలి. ఇందులో రాజీ లేదు.

ఇంకో మాట. పాత హెడ్‌ఫోన్‌లో మాటలు తేటగా లేవు, పాటలో జీవం పోయింది, కొత్తది కొనాలి అనిపిస్తోందా? దాన్ని మీ ఇంట్లో పదేళ్ల పిల్ల చెవికి పెట్టి అడగండి. ఆ పిల్లకు బాగానే వినపడితే పాడైంది హెడ్‌ఫోన్ కాకపోవచ్చు. మోత వల్ల వచ్చే నష్టం ముందుగా 4,000 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. స, శ, ఫ లాంటి అక్షరాల పదును ఆ పై స్థాయిల్లోనే ఉంటుంది. మనిషి గొంతు వినపడుతుంది, ఏమన్నాడో అర్థం కాదు. బేస్ మాత్రం చెక్కుచెదరదు. అందుకే ఇంకా బేస్, ఇంకా మోత కావాలనిపిస్తుంది. ఆ కోరిక తీర్చే కొద్దీ మిగిలిన పదును కూడా పోతుంది. లోపలి చెవిలో సన్నటి రోమాల్లాంటి కణాలు ఒక్కో చెవికి పదిహేను వేల దాకా ఉంటాయి. చచ్చిన కణం మళ్లీ మొలవదు. దానికి మందు లేదు, ఆపరేషన్ లేదు.

సరే, చేతిలో రెండు వేలుంటే ఏం చేయాలి? మొదటి యాభై వంద రూపాయలు మందుల దుకాణంలో ఖర్చు పెట్టండి. మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు అక్కడ దొరుకుతాయి. సరిగ్గా పెడితే మోతను పదిహేను ఇరవై డెసిబెల్స్ తగ్గిస్తాయి. దూది కుక్కుకుంటే దక్కేది చాలా తక్కువ. ప్లగ్గు పెట్టే పద్ధతి కూడా నేర్చుకోవాలి. చేతులు కడుక్కుని, ప్లగ్గును వేళ్ల మధ్య సన్నటి పుల్లలా నలపాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగాలి. అప్పుడు లోపలికి తోసి, అది ఉబ్బి నిండేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. సగం బయటికి కనిపిస్తుంటే సరిగ్గా కూర్చోనట్టే. ప్లగ్గు పెట్టుకుంటే సాంచా చప్పుడు తెలియదేమోనని భయపడొద్దు. చప్పుడు తగ్గుతుందే తప్ప పోదు, కొద్ది రోజుల్లో తేడా పట్టుకోవడం అలవాటవుతుంది.

మిగిలిన డబ్బు హెడ్‌ఫోన్‌కు. అక్కడ కూడా మోత కోసం కాక, బయటి చప్పుడును ఆపే గుణం కోసం ఇవ్వండి. పక్కింటి టీవీ లోపలికి రాకపోతే మీరు వాల్యూమ్ పెంచాల్సిన అవసరమే ఉండదు. చెవిని పూర్తిగా కప్పే మూసిన రకం గానీ, చెవిలో దూరి గట్టిగా కూర్చునే వైరు ఇయర్‌ఫోన్ గానీ ఈ ధరలో మంచివే దొరుకుతాయి. బ్యాటరీ, బ్లూటూత్ ఖర్చు ఉండదు కాబట్టి అదే డబ్బుకు వైరుది తరచూ మెరుగ్గా పలుకుతుంది. డబ్బాలో చిన్నా, మధ్యా, పెద్దా రబ్బరు టిప్పులు వస్తాయి. చాలామంది మధ్యవాటిని తీయకుండానే వాడేస్తారు. పాట పెట్టి ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా అదమండి. బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే టిప్పు వదులుగా ఉన్నట్టు, పెద్దది మార్చండి. పైసా ఖర్చు లేని అసలు అప్‌గ్రేడ్ ఇదే. ఈక్వలైజర్‌లో బేస్ పైకి జరిపే బదులు మిగతావాటిని కిందికి దించండి, అదే రుచి తక్కువ మోతలో వస్తుంది. మామూలు ఇయర్‌ఫోన్‌కు విడిగా ఆంప్లిఫయర్ అక్కర్లేదు. ఎవరైనా అంటగడితే వద్దనండి.

ఇంట్లో వినేదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన హద్దు ఇంకా తక్కువ. పెద్దలకు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు, పిల్లలకు 75లో అంతే సమయం. వాల్యూమ్ గీత అరవై శాతం దాటకుండా చూసుకోమని కూడా చెబుతుంది. చాలా ఫోన్ల సెట్టింగుల్లో వాల్యూమ్‌కు హద్దు పెట్టే వీలుంది. పిల్లల ఫోనులో ఈ రాత్రే పెట్టండి. పాళీ దిగాక మాత్రం కొన్ని గంటలు చెవిలో ఏమీ పెట్టకండి, నిద్ర కోసమైనా సరే. ఫోను ఛార్జింగ్‌లో ఉండగా వైరు ఇయర్‌ఫోన్ అసలే వద్దు. నాసిరకం ఛార్జర్ లోపల చెడితే ఇంటి కరెంటు ఆ వైరు గుండా నేరుగా తలకు చేరుతుంది.

కార్ఖానా యజమానులకూ, యూనియన్ నాయకులకూ ఒక మాట. మోత వల్ల వచ్చే చెవుడు 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులోనే వృత్తి జబ్బుగా నమోదై ఉండేది. ఈఎస్ఐ చట్టంలోనూ ఉండేది. చిన్న షెడ్లు చట్టం పరిధిలోకి రావనే సాకు చెవికి తెలియదు. బోనస్‌తో పాటు ప్రతి నేతగాడికీ ఇయర్‌ప్లగ్గులు, ఏడాదికోసారి వినికిడి పరీక్ష ఇవ్వాలని ఈసారి చర్చల్లోనే అడగండి. ఇళ్ల కోసం ఇన్నేళ్లు పోరాడి గెలిచిన ఊరికి ఇది పెద్ద కోరిక కాదు.

పాళీ దిగాక చెవిలో హోరు వినపడితే, ఇంట్లోవాళ్లు టీవీ తగ్గించమని పదేపదే అంటుంటే, సోలాపూర్ సివిల్ ఆసుపత్రి చెవి విభాగానికి గానీ, మన కుంభారిలోనే ఉన్న అశ్విని వైద్య కళాశాల ఆసుపత్రికి గానీ వెళ్లి ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోండి. ఉన్నట్టుండి ఒక చెవి పూర్తిగా మూసుకుపోయినట్టయితే గుబిలి అనుకుని నూనె పోసి కూర్చోవద్దు. అది అత్యవసరం. మొదటి రెండు మూడు రోజుల్లోనే మందు పడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. ఆ రోజు కూలి పోయినా ఫరవాలేదు, వెళ్లండి.