నెయ్యి మీద పన్ను తగ్గితే ఎన్నిచోట్ల దిద్దాలి?

2025 సెప్టెంబర్ 22న నెయ్యి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది. ల్యాబ్‌లో మా డిగ్రీ పిల్లల్ని తాము పైథాన్‌లో రాసిన కిరాణా బిల్లు ప్రోగ్రాముల్ని ఆ ప్రకారం మార్చమన్నాను. చాలామంది 0.12 కోసం ఫైలంతా గాలించారు. ఒకచోట దిద్ది ఇంకోచోట వదిలేశారు. బిల్లుకీ రోజువారీ మొత్తానికీ పొంతన లేదు. ఒకమ్మాయి మాత్రం రేట్లన్నీ విడి ఫైల్లో, పన్ను లెక్క ఒకే ఫంక్షన్‌లో పెట్టుకుంది. ఒక్క అంకె మార్చి, అన్నీ సరిపోయాయని చూపించి, టీకి వెళ్లిపోయింది.

ఇదేం కొత్త తెలివి కాదు. 1949లో కేంబ్రిడ్జిలో మొదలైన ఎడ్‌శాక్ కంప్యూటర్‌కి డేవిడ్ వీలర్ వాళ్లు ఇలాంటి సబ్‌రొటీన్లను కాగితపు టేపుల మీద లైబ్రరీగా దాచుకున్నారు. కావలసినవాళ్లు తీసుకుని తమ ప్రోగ్రాములో కలుపుకునేవారు. సహచరులు విల్క్స్, గిల్‌లతో కలిసి వీలర్ 1951లో దాని మీద పుస్తకమే వేశాడు.

మరి మన ప్రాక్టికల్ పరీక్షల్లో? అవుట్‌పుట్ వస్తే చాలు, మార్కులు పడతాయి. లోపల అదే కోడ్ నాలుగుసార్లు అతికించినా అడిగే నాథుడు లేడు. నన్నడిగితే, చివరి పావుగంటలో ఎగ్జామినర్ ఒక రేటు మార్చి ‘ఇప్పుడు నడిపించు’ అనాలి. సగం మార్కులు దానికే ఇవ్వాలి. అలాగని పది లైన్ల ప్రోగ్రాముని ఏడు ఫైళ్లుగా చీల్చే అతితెలివికి మాత్రం నేను ఒక్క మార్కూ ఇవ్వను.