చలేస్తోందని ఏసీ కట్టేశాం!

మాఘమాసం. ఏలూరులో పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున. కైకలూరులో నాలుగింటికల్లా బయల్దేరాం. కారు మా బావది, కొని నెల కూడా కాలేదు. 'ఇందులో అన్నీ ఆటోమేటిక్. 24 పెట్టి వదిలేస్తే చాలు, ఇంక దాని జోలికే వెళ్లక్కర్లేదు' అని ఊరు దాటేలోపు మూడుసార్లు చెప్పాడు. వెనక సీట్లో మా అక్కయ్య, వాళ్ల అత్తగారు, మేనల్లుడు.

చెరువుల మధ్యకి రాగానే ఆ వాసన తగిలింది. కొల్లేటి పక్కన తిరిగేవాళ్లకి అదేమిటో చెప్పనక్కర్లేదు. పెద్దావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. బావ టక్కున బటన్ నొక్కి బయటిగాలి రాకుండా చేశాడు. ఇంకాసేపటికి 'ఒరే అబ్బాయ్, చలేస్తోందిరా, ఆ ఏసీ కట్టెయ్' అన్నారావిడ. కట్టేశాడు. రెండు నిమిషాలు హాయిగానే ఉంది. తర్వాత ముందు అద్దం అంచుల నుంచి తెల్లబడటం మొదలైంది. నేను కండువాతో తుడుస్తున్నాను, తుడిచినచోటే మళ్లీ కమ్ముకుంటోంది. సరిగ్గా అప్పుడే ఎదురుగా చేపల లారీ. దాని లైట్లు పడేసరికి అద్దమంతా తెల్లటి తెరైపోయింది. రోడ్డు లేదు, గట్టు లేదు. అటూ ఇటూ నీళ్లేనన్న సంగతి మాత్రం అందరికీ గుర్తుంది. బావ పక్క అద్దం దించి, తల బయటపెట్టి చూసుకుంటూ బండిని ఓ పక్కకి తీసి ఆపాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

'బయట పొగమంచు కదా' అన్నాడు చివరికి. పొగమంచు ఉన్నమాట నిజమే. కానీ మా కళ్లకి గంతలు కట్టింది అది కాదు, మా ఐదుగురి ఊపిరి. దానికి తోడు ఆడవాళ్లిద్దరూ తలస్నానం చేసి ఆరీ ఆరని జుట్టుతో ఎక్కారు. ఆ తేమంతా బయటికి పోయే దారి మూసేశాం. తేమని పిండేసే యంత్రాన్నీ ఆపేశాం. ఇక అది పోయి చల్లటి అద్దాన్ని పట్టుకోక ఏం చేస్తుంది?

ఏసీ అంటే చల్లబరిచేది అనే మనందరి లెక్క. అసలు అది పుట్టింది తేమ కోసం. 1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సుకి పెద్ద తలనొప్పి వచ్చింది. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగడం, ముడుచుకోవడం, రంగు మీద రంగు సరిగ్గా పడకపోవడం. దాన్ని సరిచేయడానికే విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజినీరు తన మొదటి యంత్రాన్ని రూపొందించాడు. మన కారులో జరిగేదీ అదే. గాలి చల్లటి కాయిల్ మీదుగా పోతుంటే అందులోని తేమ నీరై కిందికి దిగుతుంది. ఆపిన కారు కింద మడుగు కనిపించి 'రేడియేటర్ కారుతోందేమో' అని కంగారు పడతామే, ఆ నీళ్లివే.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. కారులో ఏసీ, హీటరు రెండూ ఒకేసారి పనిచేయగలవు. గాలి ముందు కాయిల్ దగ్గర తేమ వదిలేసి, తర్వాత ఇంజిన్ వేడితో కాగిన హీటర్ మీదుగా వెచ్చబడి లోపలికి వస్తుంది. అంటే వెచ్చగా ఉంటుంది, పొడిగానూ ఉంటుంది. కాబట్టి అత్తగారికి చలేస్తే నొక్కాల్సింది ఏసీ బటన్ కాదు, డిగ్రీలు పెంచే బటన్. 24ని 27 చేస్తే సరిపోయేది. అద్దం అప్పటికే మసకబారి ఉంటే ముందు అద్దం బొమ్మ ఉండే డెఫ్రాస్ట్ బటన్ నొక్కాలి. చాలా కార్లలో అది నొక్కితే ఏసీ, బయటిగాలి వాటంతటవే వచ్చేస్తాయి. రాకపోతే మనమే వేసుకోవాలి. వాసన వస్తుందంటారా? కాసేపు ముక్కు మూసుకోవచ్చు, కళ్లు మూసుకుని బండి నడపలేం కదా.

మరి ఆటోమేటిక్ అన్నది ఇదంతా తనే చూసుకోదా? చూసుకునేది చూసుకుంటుంది. 1964 మోడల్ క్యాడిలాక్‌తో ఈ సదుపాయం కార్లలోకి వచ్చింది. లోపలి వేడి ఎంత, బయటి వేడి ఎంత, ఎండ ఎంత పడుతోంది అన్నవి సెన్సార్లు చెబితే, వాటిని బట్టి ఫ్యాను వేగాన్ని, వేడి చల్లదనాల పాళ్లని అదే మారుస్తుంది. రోహిణి కార్తె ఎండలో దాన్ని ఆటో మీద వదిలేయడమే మేలు. కారెక్కగానే 18 పెట్టేస్తారు కొందరు. లోపల కుంపటిలా ఉన్నప్పుడు 24 పెట్టినా అది దాదాపు పూర్తి బలంతోనే పనిచేస్తుంది. 18తో ఒరిగేది తర్వాత వణకడమే. అన్నట్టు, ఎండని కనిపెట్టే సెన్సార్ చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మీద అద్దం దగ్గర చిన్న నల్లబొడిపెలా ఉంటుంది. సరిగ్గా దానిమీదే మనం వెంకటేశ్వరస్వామి విగ్రహం పెడతాం, లేదా తువ్వాలు పరుస్తాం. స్వామి నీడలో ఉన్న కారు, ఎండే లేదనుకుంటుంది!

తేమ సంగతి మాత్రం వేరు. అద్దం దగ్గర తేమని పసిగట్టే సెన్సార్ కొన్ని కార్లలోనే ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలాంటి చోట, నీళ్ల నడుమ వెళ్తున్నామని మామూలు కారుకేం తెలుసు? పైగా మా బావలా మనం ఒక బటన్ నొక్కితే ఆ మేరకు అది పగ్గాలు మనకే వదిలేస్తుంది. ఆటపాకలో పెలికాన్ పక్షుల్ని చూపిద్దామని చలికాలంలో పిల్లల్ని తీసుకుని చీకటితో బయల్దేరేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

వానాకాలం రాత్రుళ్లు కథ తిరగబడుతుంది. బయట ఉక్క, లోపల చలి. అప్పుడు ఆవిరి పట్టేది అద్దానికి బయటివైపు. లోపల ఎంత తుడిచినా పోదు. వైపర్ ఒక్కసారి వేయండి. పోయిందంటే అది బయటిదే. అలాంటప్పుడు చల్లగాలిని అద్దం మీదికి కొడితే ఇంకా పెరుగుతుంది. గాలిని ముఖం వైపు తిప్పి, డిగ్రీలు కాస్త పెంచాలి.

ఇక ఏసీని కట్టేయాల్సిన సమయం కూడా ఒకటుంది. ఇల్లు మూడు నాలుగు నిమిషాల దూరంలో ఉందనగా, అద్దం శుభ్రంగా కనిపిస్తుంటే ఏసీ ఆపి, బయటిగాలితో ఫ్యాను మాత్రం తిరగనివ్వండి. కాయిల్ మీది తడి కొంత ఆరుతుంది. తడి అలాగే నిలిచిపోతే బూజు పడుతుంది. మర్నాడు కారెక్కగానే వచ్చే ముక్కవాసన దానిదే. పాపం, చాలాసార్లు ఆ నింద చేపల చెరువుల మీదికి పోతుంది.

మేం ఏలూరు చేరేసరికి మండపం బయట కార్లు బారులు తీరి ఉన్నాయి. నాలుగైదు కార్లలో డ్రైవర్లు అద్దాలు బిగించుకుని, ఇంజిన్, ఏసీ నడుస్తుండగానే నిద్రపోతున్నారు. పొగగొట్టంలో ఎక్కడైనా లీకున్నా, కారు మూసిన షెడ్డులో ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరవచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు. నిద్రలో ఉన్నవాడికి లేచే అవకాశం ఇవ్వదు. దీన్ని ఏ ఆటో బటనూ కనిపెట్టదు. పెళ్లికి కారు మాట్లాడుకున్నవాళ్లు లోపలికి వెళ్లేముందు డ్రైవర్‌ని కూడా పిలిచి, మండపంలో ఓ మూల చాప, ఫ్యాను చూపించండి.