మబ్బు చూసుడు అవిశ్వాసమా?



మృగశిర కార్తె వచ్చింది. బోథ్ చుట్టుపక్కల చేన్లలో పత్తి, సోయా విత్తుతున్నారు. ఈ వారం ఉరుములు, మెరుపులతో వానలని సూచన. "కాపాడేది దేవుడే గదా అయ్యగారూ, ఫోన్ల మబ్బు చూసుడెందుకు?" అని కొందరు మమ్మల్ని అడిగారు.

2025 జూన్ 12న మన ఆదిలాబాద్ జిల్లాలో ఒక్కరోజే పిడుగులకు ఆరుగురు చనిపోయారు. వారికి విశ్వాసం తక్కువని మనం అనగలమా?

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదవండి. ఈ కాలంలో ప్రయాణం అపాయమని పౌలు ముందే చెప్పాడు. శతాధిపతి ఓడ నడిపేవాని మాటే నమ్మాడు. దేవుడు 276 మంది ప్రాణాలు కాపాడాడు, నిజమే. కానీ ఓడ పగిలింది, సరుకు పోయింది. ముందుగా వచ్చిన ఆ హెచ్చరిక కూడా దేవుని కృపే అని మేము నమ్ముతున్నాము.

కాబట్టి ఫోన్ ఉన్నవారు దామిని యాప్ చూసి, లేనివారికి చెప్పండి. ఉరుము వినబడితే పని ఆపి పక్కా ఇంటికి చేరండి. చెట్టు కింద, చేనులోని గుడిసెలో ఆగవద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు.

కూలీలను పిలిచిన రైతు సహోదరులారా, ఒక్క మాట. ఆగిన సమయానికి కూలి కోయకండి. కూలి పోతుందనే భయంతోనే చాలామంది వానలో చేను విడువరు. పొరుగువాని ప్రాణం కంటే ఆ గంట కూలి ఎక్కువ కాదు.

మోకరించి ప్రార్థిద్దాం, మబ్బు చూసి బయలుదేరుదాం. ఆమేన్.