ఈ లైను ఎలా వచ్చింది?

‘మా అమ్మాయికి లెక్కలు రావండీ, అందుకే బైపీసీలో చేర్పిస్తున్నాం.’ పదో తరగతి పిల్లల తల్లుల నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. బైపీసీ తక్కువని కాదు. ఇష్టపడి చేరితే సంతోషమే. లెక్కలకు భయపడి చేరడం వేరు. అబ్బాయికి మార్కులు తగ్గితే ట్యూషన్ పెట్టిస్తాం, అమ్మాయికి తగ్గితే ‘రావు’ అని తేల్చేస్తాం. ఆ ఒక్క మాటతో ఇంజనీరింగ్ దారి దాదాపుగా మూసుకుపోతుంది.

లెక్క రాకపోవడమంటే చాలాసార్లు మధ్యలో ఏదో ఒక లైను అర్థం కాకపోవడమే. 3ఎక్స్ + 7 = 22 తీసుకోండి. ‘ఏడు అటు వెళితే మైనస్ అవుతుంది’ అని పిల్లలు గడగడా అప్పజెప్తారు. ఎందుకవుతుందని అడిగితే నోరు మెదపరు. మన కూరగాయల తక్కెడే ఇది. రెండు పళ్లేలూ సరిసమానంగా ఉన్నప్పుడు ఇటు 7 తీస్తే అటూ 7 తీయాలి. మిగిలింది 3ఎక్స్ = 15. రెండు వైపులా మూడో వంతు ఉంచితే ఎక్స్ = 5. ఏడు ఎక్కడికీ వెళ్లలేదు!

జామెట్రీ సంగతి మరీ ఘోరం. దత్తాంశం, సారాంశం, ఉపపత్తి... అంతా గైడులో చూసి బట్టీ. త్రిభుజం పేరు ఏబీసీ బదులు పీక్యూఆర్ అని ఇస్తే చాలు, కలం ఆగిపోతుంది. త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే 180 డిగ్రీలని అందరికీ తెలుసు. పై శీర్షం మీదుగా కింది భుజానికి సమాంతరంగా ఒక గీత గీస్తే, కింది కోణాలు రెండూ ఏకాంతర కోణాలుగా పైకొచ్చి, పై కోణానికి చెరో పక్కన కూచుంటాయి. మూడూ కలిసి ఒకే సరళరేఖ మీద ఉన్నాయి కనుక 180. ఇది ఒక్కసారి చేత్తో గీసి చూసిన పిల్ల మళ్లీ బట్టీ పట్టదు.

‘మాకే రాదు, మేమేం చెబుతాం?’ అంటారా? చెప్పక్కర్లేదు. వంటయ్యాక పక్కన కూచుని, ప్రతి లైను దగ్గరా ‘ఇది పై లైనులోంచి ఎలా వచ్చింది?’ అని అడగండి. పిల్ల మీకు చెప్పబోయి తానే నేర్చుకుంటుంది. జవాబు సరిచూడటం మరీ తేలిక. ఎక్స్ ఉన్నచోట 5 వేయండి. మూడయిదులు పదిహేను, ఏడు కలిపితే ఇరవై రెండు. ఇప్పుడు ఫోన్లో ఫొటో తీస్తే స్టెప్పులతో సహా జవాబు వచ్చేస్తోంది. వాటిని దించుకున్నా సరే, మీ ప్రశ్న మాత్రం మానకండి.

ఇరాన్‌లో పుట్టిన మరియం మీర్జాఖానీ గురించి చదివారా? మిడిల్ స్కూల్లో ఉన్నప్పుడు ఒక టీచరు ఆమెకు లెక్కల్లో పెద్ద ప్రతిభ లేదనుకున్నారట. దాంతో ఆమె ఆసక్తి వదిలేసింది. మరుసటేడు ప్రోత్సహించే టీచరు దొరికారు. 2014లో గణితంలో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న తొలి మహిళ ఆమే.

కాబట్టి గ్రూపు నిర్ణయించే ముందు మీ అమ్మాయి నోటుబుక్కు తెరవండి. ఏ లైను దగ్గర ఆగుతోందో చూడండి. చాలామందికి అది చిన్న తరగతుల్లోని బ్రాకెట్ల దగ్గరే తేలుతుంది. 10 − (6 − 2) ఎంత? బ్రాకెట్లో 4, కనుక జవాబు 6. బ్రాకెట్ ఊరికే తీసేసి 10 − 6 − 2 అని రాస్తే 2 వస్తుంది. లోపలి మైనస్ ప్లస్ ఎందుకవ్వాలో అక్కడ కళ్లకు కడుతుంది. దాన్ని సరిచేయడానికి వారం రోజులు చాలు.