అనుమతి పత్రములో లేని కారణము

మహమ్మారి వలన కలిగిన నష్టములను లెక్కించునపుడు మరణములు మొదట వచ్చును. పిమ్మట జీవనోపాధి, ఆ పిమ్మట బాలబాలికలు కోల్పోయిన చదువు. ఈ క్రమము న్యాయమైనదే. కాని ఈ పట్టికలలో దేనియందును చేరని నష్టమొకటి కలదు. మనుష్యుడు తనకు ప్రియమైన చోటికి, తప్పనిసరి పని యేదియు లేకున్నను, పోయి రాగల స్వేచ్ఛను కోల్పోవుట అది. దీనిని విలాసమని త్రోసివేయుట సులభము. 2020, 2021 సంవత్సరములలో రెండు తెలుగు రాష్ట్రముల మధ్య జరిగిన దానిని పరిశీలించినచో, ఇది సామాన్య పౌరునికి సంబంధించిన గట్టి ప్రశ్నయే యని తెలియగలదు.

కడప జిల్లాలో పాపాఘ్ని ఒడ్డున నున్న వేంపల్లెను ఉదాహరణముగా గైకొనవచ్చును. సాహిత్య లోకమున ఈ ఊరి పేరు చిన్నది కాదు. కేంద్ర సాహిత్య అకాడెమీ 2011లో యువ పురస్కారములను ప్రారంభించగా, తెలుగున మొదటి పురస్కారము వేంపల్లి గంగాధర్ కథాసంపుటి ‘మొలకల పున్నమి’కి లభించినది, మరుసటి యేటి పురస్కారము వేంపల్లె షరీఫ్ కథాసంపుటి ‘జుమ్మా’కు లభించినది. ఇట్టి ఊరిలో చదువరులుండుట వింత కాదు. వారు కోరు పుస్తకములన్నియు ఊరిలో దొరకకుండుటయు వింత కాదు.

వేంపల్లెకు రైలు లేదు. బస్సులో ఎర్రగుంట్లకు పోయి, రాత్రివేళ వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు తెల్లవారుసరికి హైదరాబాదులోని కాచిగూడలో దిగుదురు. అచ్చటి నుండి నడచి పోదగిన దూరములో బడీచౌడీ, సుల్తాన్ బజారు, కోఠీ వరుసగా వచ్చును. మరికొంత నడచినచో ఆబిడ్స్. కాచిగూడ చౌరస్తా చేరువ తెలుగు పుస్తకముల దుకాణము, కోఠీలో పాత పుస్తకముల అంగళ్ళు, ఆదివారము నాడు ఆబిడ్స్‌లో మూతపడిన దుకాణముల ముందు కాలిబాటపై పరచిన పుస్తకములు ఇవియన్నియు తెలుగు చదువరులకు తరతరములుగా పరిచితములు. వేంపల్లె వంటి ఊళ్ళ నుండి వచ్చు చదువరికి హైదరాబాదనగా గోలకొండయు, సాగరతీరమును కాదు. ఈ రెండు మూడు మైళ్ళ నేలయే. అతడు కొనునది నాలుగు పుస్తకములు కావచ్చును. కాని దేనిని కొనవలెనో ముందుగా తెలియకుండ పోవుటలోనే అతని ఆనందమున్నది.

ఈ పేటకు పుస్తకములతో గల సంబంధము యాదృచ్ఛికము కాదు. బ్రిటిషు రెసిడెంటు నివసించిన కోఠీ చుట్టును పెరిగిన రెసిడెన్సీ బజారే నేటి సుల్తాన్ బజారు. 1933 వరకు అది నిజాము పాలనలో గాక రెసిడెన్సీ అధికారములో నుండెను. నగరమున ఇతరత్ర లేని వెసులుబాటు సభలకు, సమాజములకు అచ్చట దొరకెను. 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రావిచెట్టు రంగారావుగారి ఇంట అచ్చటనే వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు దాని స్థాపకులలో ముఖ్యులు. అనగా, ఒకప్పుడు పాలనల నడుమ నున్న హద్దురేఖ తెలుగు పుస్తకమునకు నీడ నిచ్చినది. నూరేండ్లకు పైబడిన పిదప మరియొక హద్దురేఖ తెలుగు చదువరిని ఆ పుస్తకమునకు దూరము చేసినది.

2020 మార్చి 22వ తేదీన జనతా కర్ఫ్యూ జరిగెను. ప్రయాణికుల రైళ్ళు ఆనాటి నుండియే నిలిచిపోయెను. 25వ తేదీ నుండి దేశమంతయు లాక్‌డౌన్‌లోనికి పోయెను. వ్యాధి స్వభావము తెలియని ఆ దినములలో రాకపోకలను నిలుపుట తప్పనిసరి యని అంగీకరింపవలెను. అట్టి నిర్బంధము ఈ నేలకు క్రొత్తయు కాదు. ప్లేగు ప్రబలిన కాలమున 1897లో చేసిన అంటువ్యాధుల చట్టమే 2020లోను ప్రభుత్వములకు ఆధారమైనది. కడప జిల్లా మద్రాసు రాజధానిలో భాగమై యున్న ఆనాడు, వ్యాధి సోకిన చోట్ల నుండి వచ్చు ప్రయాణికులకు ప్లేగు పాసుపోర్టు లిచ్చి, వారు కొన్ని దినముల పాటు అధికారుల యెదుట హాజరు కావలెనని నియమము విధించిరి.

పాసు అనునది మరల వచ్చినపుడు దాని స్వరూపము మారినది గాని స్వభావము మారలేదు. హైదరాబాదు వసతిగృహములు ఖాళీ చేయించినపుడు, అచ్చటి పోలీసులిచ్చిన అనుమతి పత్రములతో బయలుదేరిన యువకులు 2020 మార్చి 25న కృష్ణా జిల్లా గరికపాడు వద్ద నిలిచిపోయిరి. ఒక రాష్ట్రము ఇచ్చిన పత్రమును రెండవ రాష్ట్రము గుర్తింపలేదు. తరువాతి మాసములలో వెబ్‌సైటులో కారణము తెలిపి పాసు పొందు పద్ధతి వచ్చినది. వైద్యము, మరణము, అత్యవసర విధి వంటివి కారణములుగా చెల్లును. పాత పుస్తకముల వీథిలో ఒక పూట తిరుగుట కారణముగా చెల్లదు. ఆ దినములలో అది చెల్లకుండుటయే సరి. అయితే చెల్లకుండుటకు ఒక గడువుండవలెను. అసలు చర్చ ఇచ్చట ప్రారంభమగును.

2020 ఆగస్టు 1 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనలలో, రాష్ట్రముల నడుమ మనుష్యుల రాకపోకలకు అడ్డంకి యుండరాదని కేంద్ర ప్రభుత్వము స్పష్టము చేసినది. ఆగస్టు 22న కేంద్ర హోము కార్యదర్శి ఈ విషయమును రాష్ట్రములకు లేఖ ద్వారా మరల గుర్తుచేసెను. చట్టము దృష్టిలో దారి తెరచుకొన్నది. సొంత కారు గలవాడు వేంపల్లె నుండి కోఠీకి పోవచ్చును. కాని రెండు రాష్ట్రముల ఆర్‌టీసీ బస్సులు మాత్రము కదలలేదు. ఆగస్టు గడచినది, సెప్టెంబరు గడచినది, అక్టోబరు గడచినది.

ఈ జాప్యమునకు హేతువు వ్యాధి కాదు, కిలోమీటర్లు. 2014లో రాష్ట్రము విడిపోయినను, బస్సుల విషయమున సరియైన అంతర్రాష్ట్ర ఒప్పందము కుదరకుండెను. ఆంధ్ర సంస్థ బస్సులు తెలంగాణలో దినమునకు రెండున్నర లక్షల కిలోమీటర్లకు పైగా తిరుగుచుండగా, తెలంగాణ సంస్థ బస్సులు ఆంధ్రలో అంతకంటె చాల తక్కువ తిరుగుచుండెను. ఇరువైపుల సమానముగా నుండవలెనని తెలంగాణ కోరినది. ఆ కోరికలో అన్యాయము లేదు. కాని ఆరేండ్లుగా తేలని లెక్కను తేల్చుకొనుటకు, రోగము వలన బస్సులు నిలిచిన సమయము అనువైనదిగా తోచుటయే విచారకరము. ఆ యేడు దసరాకు సరిహద్దు చెక్‌పోస్టుల వరకే బస్సులు నడచెను. ప్రయాణికుడు మూట చేతబట్టుకొని దిగి, హద్దు దాటి, ఆవలి బస్సు కొరకు వెదకుకొనవలసి వచ్చెను.

తుదకు నవంబరు 2న ఒప్పందము కుదిరినది. ఆంధ్ర సంస్థ 638 బస్సులను తెలంగాణలో 1,60,999 కిలోమీటర్లును, తెలంగాణ సంస్థ 826 బస్సులను ఆంధ్రలో 1,61,258 కిలోమీటర్లును నడుపునట్లు నిర్ణయమైనది. లెక్క సరిపోయినది. లెక్క సరిపడువరకు, రాకపోకలపై ఆంక్ష లేదని కేంద్రము ప్రకటించిన మూడు మాసముల పాటు, బస్సు తప్ప గతి లేనివాడు మాత్రము ఆంక్షలోనే యుండెను. కారు గలవానికి ఆగస్టులో తీరిన నిర్బంధము బస్సు ప్రయాణికునికి నవంబరులో తీరినది. రోగము అందరికి ఒకటే యనుమాట ఎంత నిజమో గాని, నిర్బంధము అందరికి ఒకటి కాలేదు.

2021లో రెండవ విజృంభణ వచ్చినపుడు ఈ సంగతి మరింత తీవ్రముగా బయలుపడినది. మే 5 నుండి ఆంధ్రప్రదేశమున మధ్యాహ్నము 12 గంటల తరువాత కర్ఫ్యూ. మే 12 నుండి తెలంగాణలో లాక్‌డౌన్. హైదరాబాదు ఆసుపత్రులకు పోవు రోగుల అంబులెన్సులను సైతము తెలంగాణ పోలీసులు సరిహద్దులలో నిలిపివేసిరి. కర్నూలు దాటగానే వచ్చు పుల్లూరు వద్ద రోగులు రహదారిపై వేచియుండిరి. మే 14న తెలంగాణ హైకోర్టు జోక్యము చేసికొని ఆ ఉత్తర్వును నిలిపినది. ప్రాణము నిలుపుకొనుటకు పోవు వానికే దారి లేనపుడు, పుస్తకము కొరకు పోవు వానిని గూర్చి మాటలాడుట తగునా యని కొందరడుగవచ్చును. తగును. ఈ రెండింటికిని మూలమొక్కటియే. పొరుగు రాష్ట్రపు మనుష్యుడు వచ్చుటకు కారణము చూపవలె నను భావము ఒకసారి పాదుకొన్న పిదప, ఏ కారణము చాలును, ఏది చాలదు అను నిర్ణయము చెక్‌పోస్టు వద్ద నున్న ఉద్యోగి చేతిలోనికి పోవును.

ఆంక్షలు తొలగినను, తొలగకుండ మిగిలినవి కొన్ని కలవు. 2020 మార్చికి పూర్వము రైలు టిక్కెట్టుపై అరువది యేండ్లు నిండిన పురుషులకు నూటికి 40, ఏబదియెనిమిది నిండిన స్త్రీలకు నూటికి 50 చొప్పున రాయితీ యుండెను. అనవసర ప్రయాణములను తగ్గించు నిమిత్తము దానిని ఆ మార్చిలో నిలిపిరి. రైళ్ళన్నియు యథాప్రకారము నడచుచున్న తరువాతను దానిని పునరుద్ధరింపలేదు. పెన్షనుపై బ్రదుకు వృద్ధ చదువరికి ఇది టిక్కెట్టు ధరకు సంబంధించిన చిన్న విషయము కాదు. ఏటికి రెండు మార్లు పోవువాడు ఒక మారు పోవును. ఒక మారు పోవువాడు మానుకొనును.

పేటయు తన చదువరుల కొరకు నిలిచియుండదు. సుల్తాన్ బజారు మీదుగా పోవు మెట్రో రైలు 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైనది. లాక్‌డౌను నాటికి దానికి రెండు నెలలైన నిండలేదు. ఆనాటి రెసిడెన్సీ భవనము గల మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైనది. ఇవి మంచి మార్పులే. కాని కాలిబాటపై పుస్తకములు పరచుకొను వర్తకునికి వచ్చిపోవు మనుష్యుడే ఆధారము. కావలసిన పుస్తకము నేడు తపాలాలో వేంపల్లెకు చేరును. కావలెనని తనకే తెలియని పుస్తకము మాత్రము తపాలాలో రాదు. పోయి చూచువారు తగ్గినచో దానిని అమ్మువాడును తగ్గును.

భారతదేశమంతట నిరాటంకముగ సంచరించు హక్కును రాజ్యాంగము 19వ అధికరణమున పౌరునికి ఇచ్చినది. ప్రజాహితము కొరకు దానిని సమంజసముగ పరిమితము చేయవచ్చునని కూడ చెప్పినది. ఆ అధికరణము ప్రయాణమునకు కారణము చూపుమని పౌరుని అడుగదు. ఆటంకమునకు కారణము చూపవలసినది ప్రభుత్వమే. మరియొక వ్యాధి వచ్చినపుడు దారులు మూయవలసి రావచ్చును. అపుడు మూయు ఉత్తర్వులోనే గడువును వ్రాయవలెను. తెరచునపుడు కారుకును బస్సుకును ఒకే దినమున తెరువవలెను. వ్యాధి నిమిత్తము తీసివేసిన సౌకర్యమును వ్యాధి తగ్గగనే తిరిగి ఈయవలెను. ఈ మూడును నెరవేరినచో ఎర్రగుంట్లలో రాత్రి రైలెక్కు చదువరిని ఎందుకు పోవుచున్నావని అడుగు నవసరము ఎవరికిని ఉండదు.