గుడారంలో ఒక రాత్రి: సరదానా, జ్ఞాపకమా?



ఈసారి రిట్రీట్‌కు గండికోట వెళ్దామని మన యువకులు అడుగుతున్నారు. పెన్నా లోయ అంచున టెంట్లు వేసుకొని, రాత్రి నక్షత్రాల కింద పాటలు పాడి, తెల్లవారు ప్రార్థన చేసుకోవాలని వారి ఆశ. ఆశ మంచిదే. అయితే ఈ మాట విన్న ఒక పెద్దాయన, "అయ్యగారూ, బయట పండుకునేకి కూడా దుడ్లు కట్టాల్నా?" అని నవ్వారు. ఒక తల్లి మాత్రం నవ్వలేదు. "బెంగుళూరులో ఆర్నెల్లు పట్ట కింద ఉండి వస్తిమి. మళ్ళా నా బిడ్డని పట్ట కిందికే పంపాల్నా?" అన్నది. ఈ రెండు మాటల మధ్య నా మనసు ఊగుతూనే ఉంది. అందుకే ఈ విషయాన్ని వాక్యపు వెలుగులో మీతో కలిసి ఆలోచించాలనుకుంటున్నాను.

మన ప్రాంతంలో గుడారం కొత్తది కాదు. 1800 నుండి 1807 వరకు దత్త మండలాలకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఊరూరా తిరుగుతూ ఎక్కువ కాలం గుడారాలలోనే గడిపాడు. అది అధికారి గుడారం. కోతలైన చేలలో గొర్రెల మందను నిలిపి, కంబళి కప్పుకొని, కుక్కను పక్కన పెట్టుకొని రాత్రంతా కాపలా ఉండేవాడు మన కాపరి. చేనికి ఎరువు దక్కుతుంది, ఆయనకు రైతు ఇచ్చే నాలుగు డబ్బులు దక్కుతాయి. వానలు లేక వేరుశెనగ ఎండినప్పుడు బెంగుళూరుకు వెళ్ళి, కట్టే భవనం పక్కనే నీలి పట్ట కింద కాపురం పెట్టేది కూలి. ఈ చివరి ఇద్దరినీ ఎవరూ క్యాంపింగ్‌కు వెళ్ళారని అనరు. ఇష్టమైతే తిరిగి రాగలిగేవాడు వెళ్తేనే అది క్యాంపింగ్. తిరిగి రావడానికి వీలులేనివాడికి అది బ్రతుకు.

మరి దేవుడు గుడారాన్ని గురించి ఏమంటున్నాడు? లేవీయకాండము 23వ అధ్యాయములో పర్ణశాలల పండుగను ఆజ్ఞాపించాడు. పంట కూర్చుకొన్న తరువాత ఏడు రోజులు ఇల్లు విడిచి, కొమ్మలతో వేసిన పర్ణశాలలలో ఉండాలి. ఎందుకు? ఐగుప్తునుండి రప్పించినప్పుడు తమ పితరులు ఎలా నివసించారో వారి పిల్లలు మరచిపోకూడదని. గమనించండి, ఇల్లు, పంట ఉన్నవాడికే ఈ ఆజ్ఞ అవసరం. గోడల మధ్య కొన్నేళ్ళు గడిస్తే, "ఇదంతా నేనే కట్టుకున్నాను" అనిపిస్తుంది. ఆకుల సందులోనుండి ఆకాశం కనబడితే ఆ గర్వం కొంత దిగుతుంది. కాబట్టి బయట పడుకోవడం వ్యర్థమని నేను అనను. ఫోన్ చేతిలో లేకుండా చీకట్లో కూర్చోవడం మన పిల్లలకు ఎంతో మేలు.

అయితే ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయము అదే పండుగకు ఎవరెవరు రావాలో చెప్తుంది. నీ కుమారుడు, కుమార్తె మాత్రమే కాదు; దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేని బిడ్డ, విధవరాలు కూడా. రుసుము కట్టగలిగినవారి పిల్లలు వెళ్ళి, కట్టలేనివారి పిల్లలు ఊళ్ళో ఉండిపోతే, అది విహారయాత్ర కావచ్చు గాని పండుగ కాదు. హైదరాబాదు హెబ్రోనులో భక్తసింగ్ గారు జరిపించిన హోలీ కన్వొకేషన్లకు జనం మూటలు కట్టుకొని వెళ్ళేవారు. పందిళ్ళ కింద చాపల మీద కూర్చొని అందరూ ఒకే భోజనం తినేవారు. మన పెద్దలకు ఆ రుచి తెలుసు.

ఇంకొక మాట. నెహెమ్యా 8వ అధ్యాయములో చెరనుండి తిరిగి వచ్చినవారు ఈ పండుగ కోసం దూరం వెళ్ళలేదు. కొమ్మలు తెచ్చుకొని తమ మిద్దెల మీద, లోగిళ్ళలో, దేవుని మందిరపు ఆవరణంలో, వీధిలో పర్ణశాలలు కట్టుకున్నారు. మనకూ మిద్దెలున్నాయి, మందిరపు ఆవరణముంది. గండికోట దగ్గర లోయను కోసిన పెన్న, మన రొద్దం పక్కన ఇసుకగా పడుకున్న పెన్న ఒకటే నది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. వేరుశెనగ పెరికిన తరువాత, మందిరపు ఆవరణంలోనే రెండు రాత్రులు గుడారాలు వేద్దాం. రుసుము వద్దు. ఉన్నవారు బియ్యం, బేడలు, శెనక్కాయలు తెస్తారు. మొదటి రాత్రి వలస వెళ్ళి వచ్చిన తల్లిదండ్రులు సాక్ష్యం చెప్పాలి. పట్ట కింద వాన కురిసిన రాత్రి దేవుడు ఎలా నిలబెట్టాడో మన పిల్లలు వారి నోట వినాలి. రెండవ రాత్రి ఒక కాపరిని పిలిచి, మందను ఎలా కాస్తాడో అడుగుదాం. లూకా 2వ అధ్యాయము అప్పుడు ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ తరువాత గండికోట వెళ్ళాలనుకుంటే, అందరినీ తీసుకొని వెళ్ళే మార్గం సంఘంగా వెదకుదాం.

నా బిడ్డని మళ్ళా పట్ట కిందికే పంపాల్నా అని అడిగిన ఆ తల్లికి ఒక మాట. అమ్మా, నీ పట్టను దేవుడు చూడకపోలేదు. యోహాను 1:14లో వాక్యము మన మధ్య నివసించెనని చెప్పడానికి వాడిన గ్రీకు మాటకు గుడారం వేసుకోవడమనే అర్థముంది. తల వాల్చుకొనే చోటు లేనివాడిగా ఆయన మన మధ్య తిరిగాడు. గుడారాలలో బ్రతికిన అబ్రాహాము, పునాదులుగల పట్టణము కోసం ఎదురుచూశాడు. ఆ పట్టణములో నీకూ, నీ బిడ్డకూ ఇల్లుంది. అయితే ఆ మాట చెప్పి, ఇక్కడ నీ ఇంటి సంగతి మేము మరచిపోతే మా భక్తి ఒట్టిదే.

వచ్చే ఆదివారము ఆరాధన తరువాత యువకులు, పెద్దలు, తల్లులు అందరూ ఉండండి. కలిసి నిర్ణయిద్దాం. ప్రభువు మీ ఇండ్లను, మీ గుడారాలను కాపాడును గాక. ఆమేన్.