ఆక్సిడేషన్ ప్లాంటు మంచిదే, మరి ఉప్పు సంగతేంది?



మొన్న మా ఊరి పంచాయతీ కాడికి ఒక మందుల కంపెనీ ఇంజనీరు సారు వచ్చిండు. "కొత్త ఆక్సిడేషన్ ప్లాంటు పెడుతున్నం, ఇక నీళ్లు అద్దంలెక్క వస్తయి" అన్నడు. మనోళ్లు చప్పట్లు కొట్టిన్రు. నేను కొట్టలేదు. ఎందుకో చెప్త, జర ఓపికగా చదవండి.

సారు చెప్పింది అబద్ధం కాదు. మామూలు శుద్ధి కేంద్రంలో మురికిని తినేది సూక్ష్మజీవులు, మన పెంటకుప్ప మురిగినట్టే. కానీ మందుల కంపెనీ నీళ్లలో ఉండేవి ఆ జీవులనే చంపే మందులాయె. పటాన్‌చెరు దగ్గర ఉమ్మడి కేంద్రంలో శుద్ధి అయి బయటికొచ్చిన నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో రాసిన్రు: లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. ఆ గోళీ వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. నక్కవాగు ఒడ్డు రైతులకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇట్లాంటి మొండి రసాయనాలకే ఆక్సిడేషన్. ఓజోన్‌తో చేస్తరు, లేకుంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో అన్నభేది కలిపి చేస్తరు. అవును, వరినారు తెల్లబడితే మనం పిచికారీ చేసే అన్నభేదే! ఫెంటన్ అనే ఇంగ్లీషు ఆయన 1894లోనే రాసిన సంగతి. రెండూ కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడతది. అది రెప్పపాటు కూడా బతకదు, అంతలోనే దొరికిన రసాయనాన్నల్లా ముక్కలు చేస్తది.

కానీ ఉప్పును ముట్టదు. పైగా అన్నభేది పద్ధతిలో ముందు యాసిడ్, తర్వాత సున్నమో సోడానో పోస్తరు కాబట్టి ఉప్పు ఇంకింత పెరగొచ్చు. ఇనుప బురద వేరే మిగుల్తది. నీళ్లలో క్లోరైడ్ ఎక్కువుంటే అది ఆ రాడికల్‌నే మింగుతది. ఖర్చుకు వెనకాడి పెరాక్సైడ్ తగ్గిస్తే రసాయనం సగం విరిగి ఆగిపోతది. నీళ్లు తేటగానే కనబడతయి, మన పొలం మాత్రం చౌడైతది.

నా మాట ఏందంటే, ఈ ప్లాంటు ఏ కంపెనీకి ఆ కంపెనీ లోపలే ఉండాలె, వేరే నీళ్లు కలవకముందే. పది కంపెనీలవి కలిసినంక ఏది ఎవరిదో ఎవడు తేల్చాలె? ఉప్పునీళ్లను వేరుచేసి ఆవిరి పట్టాలె.

వచ్చే మీటింగుల రెండే అడుగుత: బయటికొచ్చే నీళ్ల ఈసీ ఎంత, పెరాక్సైడ్ రోజుకెన్ని డ్రమ్ములు వాడుతున్నరు. మా బోరు నీళ్లు ఒక సీసాల పట్టుకొస్త. మీరు కూడా మీ బోర్లవి తెండి.